ఇంటి దగ్గరి ఏఐ సీటా, కాకినాడ సీఎస్‌ఈ సీటా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్ కౌన్సెలింగులో కాకినాడ జేఎన్‌టీయూ ప్రాంగణంలోని ఇంజినీరింగ్ కళాశాలలో కన్వీనర్ కోటా కింద సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు వచ్చింది. ఇంతలో మా ఇంటికి గంట దూరంలో ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వారు ఫోన్ చేసి, ఏఐ అండ్ ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) బ్రాంచిలో నేరుగా సీటు ఇస్తామనీ, ఫీజులో 25 శాతం రాయితీ కూడా ఉంటుందనీ చెప్పారు. రాయితీ పోను ఏటా రెండున్నర లక్షలు కట్టాలి. మా వారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. ఆ సీటు తీసుకుంటే తెనాలి దగ్గరున్న అర ఎకరం అమ్మక తప్పదు. ఆడపిల్లను అంత దూరం పంపవద్దని మా అత్తగారు పట్టుబడుతున్నారు. ఇప్పుడు ఏఐ చదివితేనే ఉద్యోగాలని అమ్మాయి అంటోంది. ఏది ఎంచుకోమంటారు?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, పొలం అమ్మవద్దు. మీ అమ్మాయిని కాకినాడ పంపండి. విజయవాడలో చాలా ఏళ్లు కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెప్పినవాడిగా ఈ మాట అంటున్నాను. కారణాలు వివరంగా రాస్తాను, అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ముందు ఆమె భయం సంగతి చూద్దాం. బ్రాంచి పేరులో ఏఐ ఉన్నా లేకపోయినా మొదటి రెండేళ్లలో చదవవలసిన ముఖ్యమైన పాఠాలు దాదాపు అవే: డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్. మెషీన్ లెర్నింగ్ నిలబడేది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీల మీద. ఈ రెండూ బాగా వచ్చిన సీఎస్‌ఈ విద్యార్థి మూడో ఏడాదిలో ఏఐ ఎలక్టివ్‌లు, అంటే తానే ఎంచుకునే పాఠాలు, తీసుకుని ఆ దారిలోకి సులువుగా వెళ్లగలడు. సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం బీటెక్ 160 క్రెడిట్లు (ఒక్కో పాఠానికి దాని బరువును బట్టి ఇచ్చే పాయింట్లు). దానికి పైన మరో 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే ఆనర్స్ (సొంత బ్రాంచిలో అదనపు చదువు) గానీ మైనర్ (మరో రంగంలో అదనపు చదువు) గానీ పొందే ఏర్పాటు కూడా ఉంది. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి ప్రత్యేకంగా ఒక పేపరు పెట్టారు. సీఎస్‌ఈ చదివినవారు అది కూడా రాయవచ్చు. కొన్ని చోట్ల ఏఐ బ్రాంచిలో కొత్త పాఠాలకు చోటు కోసం కంపైలర్ డిజైన్, థియరీ ఆఫ్ కంప్యుటేషన్ వంటివాటిని తగ్గిస్తారు. గేట్ సీఎస్ పేపరులో మాత్రం ఆ రెండింటి నుంచీ ప్రశ్నలు వస్తాయి. పద్దెనిమిదేళ్లు నిండకుండానే ఒక ఇరుకు దారి పట్టడం కంటే విశాలమైన పునాది వేసుకోవడం మేలని నా నమ్మకం.

ఇక ఉద్యోగాల మాట. బెంజి సర్కిల్ చుట్టుపక్కల వేసవి మొత్తం కనిపించే హోర్డింగుల మీద ఒక విద్యార్థి ఫొటో, పక్కన అతని ప్యాకేజీ ఉంటాయి. అది ఆ ఏడాది అందరికంటే ఎక్కువ వచ్చిన ఒక్కరి జీతం. మీ అమ్మాయి తరగతిలో మిగిలినవారికి ఏం వచ్చిందో అది చెప్పదు. అది తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం విద్యాసంస్థలు తమ వివరాలు సమర్పిస్తాయి. ఎంతమంది చదువు పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, ఎంతమంది పైచదువులకు వెళ్లారు, ఉద్యోగం వచ్చినవారి మధ్యస్థ జీతం ఎంత అన్నవి అందులో ఉంటాయి. మధ్యస్థ జీతమంటే, అందరి జీతాలనూ తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా నడిమధ్యన నిలిచేది. ఆ అంకెను హోర్డింగు మీది అంకె పక్కన పెట్టి చూడండి.

మీకు వివరంగా చెప్పవలసిన విషయం పాఠం ఎవరు చెబుతారన్నది. 2024-25 విద్యా సంవత్సరం నుంచి ఏఐసీటీఈ తన ఆమోదం పొందే కళాశాలల్లో ఒక్కో బ్రాంచికి ఉండే సీట్ల గరిష్ఠ పరిమితిని తొలగించింది. సెక్షన్లు పెంచడం తేలిక. ఆపరేటింగ్ సిస్టమ్స్ బాగా చెప్పగల అధ్యాపకులను ఒక్క వేసవిలో తీసుకురావడం ఎవరికైనా కష్టం. అందుకే ఎక్కడికి వెళ్లినా ఎన్ని సెక్షన్లు ఉన్నాయి, రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్ ఎవరు చెబుతున్నారు, ఆయన ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారు అని అడగాలి. విద్యాసంస్థల నాణ్యతను కొలిచే ముద్రలు రెండున్నాయి: న్యాక్ గ్రేడు మొత్తం సంస్థకు ఇచ్చేది; ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా ఇచ్చేది. కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించి బయటికి వచ్చేదాకా ఏ బ్రాంచీ ఎన్‌బీఏకు అర్హం కాదు కాబట్టి, కొత్తగా పెట్టిన ఏఐ బ్రాంచికి అది ఉందని ఎవరైనా అంటే కాగితం చూపించమనండి.

పోయిన వేసవిలో మా తమ్ముడి కొడుకును వెంటబెట్టుకుని ఒక కళాశాల చూడటానికి వెళ్లాను. ల్యాబ్ చల్లగా, అందంగా ఉంది. బల్ల మీద పేర్చిన రికార్డు పుస్తకాల్లో నాలుగు తెరిచి చూశాను. లింక్డ్ లిస్ట్ (గొలుసులా ఒకదానికొకటి కలిపిన సమాచార వరుస) నుంచి ఒక నోడ్, అంటే ఒక లింకు, తీసేసే ప్రోగ్రాము నాలుగింటిలోనూ ఉంది, నాలుగింటిలోనూ తొమ్మిదో వరుస చివర సెమికోలన్ లేదు, నాలుగింటి కిందా ఎర్ర సిరాతో సంతకం ఉంది. ఆ ప్రోగ్రామును పిల్లలు నడిపించి చూడలేదు, సంతకం పెట్టినవారు చదవలేదు. నాకు చాలా బాధ కలిగింది. అదే వారం మేము చూసిన మరో కళాశాలలో గోడలకు సున్నం పెచ్చులూడుతోంది, కానీ ఒక అమ్మాయి తన ప్రోగ్రాము లిస్టు ఖాళీగా ఉన్నప్పుడు ఎందుకు ఆగిపోతోందో కనుక్కునేదాకా మేడమ్‌ను కదలనివ్వలేదు. ఆమె కూడా కదలలేదు, పక్కనే నిలబడి బోర్డు మీద బాణాలు గీసి చూపించింది. మా వాడు అక్కడే చేరాడు. మీరు కూడా కాకినాడ వెళ్లినప్పుడు ల్యాబ్ చూపించమని, రెండో ఏడాది పిల్లలతో పది నిమిషాలు మాట్లాడనివ్వమని అడగండి. 1946లో మొదలైన కళాశాల అది; అక్కడ చదివి వివిధ సంస్థల్లో స్థిరపడినవారు చాలామంది ఉన్నారు, పిల్లలకు ఆ పరిచయాలు అక్కరకొస్తాయి. అయినా పేరును మాత్రమే నమ్మకుండా కళ్లారా చూడవలసిందే.

డబ్బు విషయానికి వస్తే, రాయితీ పోయాక కూడా నాలుగేళ్లకు పది లక్షలవుతుంది, బస్సు ఖర్చు వేరు. ఆ 25 శాతం మొదటి ఏడాదికేనా, నాలుగేళ్లకూ ఉంటుందా, ఫలానా సీజీపీఏ (మార్కుల సగటు) కంటే తగ్గితే ఆగిపోతుందా అన్నది ఫోన్‌లో మాట్లాడినవారిని రాతపూర్వకంగా ఇమ్మని అడిగితే వారి మాట ఎంత గట్టిదో మీకే తెలుస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు, మీ ఆదాయం అర్హతకు లోబడి ఉంటే, కన్వీనర్ సీటుకు వస్తుంది. నేరుగా చేరినవారికి రాదు. ప్రైవేటు విశ్వవిద్యాలయాలన్నీ ఒకటేనని నేను అనను. అమరావతి ప్రాంతంలో మంచి అధ్యాపకులు, మంచి ల్యాబ్‌లు ఉన్నవి ఉన్నాయి. మీకు కన్వీనర్ సీటు రాకపోయి ఉంటే, పొలం జోలికి పోకుండా బ్యాంకు విద్యారుణంతో వాటిలో ఒకదాన్ని చూడమనే చెప్పేవాడిని.

మీ అత్తగారి బెంగ న్యాయమైనదే. కాకినాడకు విజయవాడ నుంచి రైలులో సుమారు నాలుగు గంటల ప్రయాణం. ఆమెను కూడా తీసుకెళ్లి అమ్మాయిల హాస్టల్ చూపించండి. భోజనశాలలో ఒక పూట అక్కడే తినండి, వార్డెన్‌తో మాట్లాడండి, రాత్రి ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారో అడగండి. చూడకుండా పంపమంటే ఏ నాయనమ్మ ఒప్పుకుంటుంది?

ఒక జాగ్రత్త. ప్రైవేటు సంస్థలో ముందుగా సీటు ఖాయం చేసుకోమని ఒత్తిడి చేసి ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోబోతే ఇవ్వవద్దు. వాటిని విద్యాసంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. కాకినాడ సీటుకు అలాట్‌మెంట్ ఆర్డర్ మీద ఇచ్చిన గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, కళాశాలకు స్వయంగా వెళ్లి రిపోర్టింగ్, రెండూ పూర్తి చేయాలి. ఒకటి మరిచినా సీటు రద్దవుతుంది కాబట్టి, ఈ జవాబు చదివిన రోజే ఆ తేదీ చూసుకోండి.