గడ్డి పేర్లు చదివితే ఏమొస్తది?

నర్సంపేట దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి రాశారు. వరి, మిర్చి వేసే రైతు. బిడ్డ హన్మకొండలో బీఎస్సీ బీజడ్‌సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. "ఫోన్ల ఏదో వుడ్‌రష్ అంట, లుజులా అంట, ఇంగ్లండు గడ్డి బొమ్మలు చూసుకుంట కూసుంటది సారు. ఎమ్మెస్సీ బాటనీ చేసి, మొక్కల వర్గీకరణలనే పీహెచ్‌డీ చేస్త అంటది. గడ్డి పేర్లు చదివితే ఏమొస్తది? బీఈడీ చేయిస్తే టీచరన్నా అయితది. లేకుంటె ములుగు ఫారెస్ట్ కాలేజీల చేర్పియ్యాల్నా?" అన్నది ఆయన ప్రశ్న.

ములుగు సంగతి ముందు తేల్చేద్దాం. ఆ ఫారెస్ట్ కాలేజీ మన మేడారం దగ్గరి ములుగులో లేదు, సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది. పైగా అక్కడి బీఎస్సీ ఫారెస్ట్రీ ఇంటర్ పాసైనవాళ్ల కోసం. డిగ్రీ చివరికొచ్చిన పిల్లను మళ్లీ మొదటికి తేవడం దండగ.

ఇక మీ అమ్మాయి చూస్తున్న మొక్క లుజులా, దాన్నే ఇంగ్లిషులో వుడ్‌రష్ అంటారు. గడ్డి అని మీరన్నారు గానీ బాటనీ లెక్కలో అది గడ్డీ కాదు, తుంగా కాదు. జంకేసీ అనే వేరే కుటుంబం. ఆకులు చూడ్డానికి గడ్డిలాగే బల్లపరుపుగా ఉంటాయి, అంచుల వెంట మాత్రం పొడవాటి తెల్లని నూగు కనిపిస్తుంది. పువ్వు చిన్నది, గోధుమరంగుది. రేకుల్లాంటి ఆరు పరిపత్రాలు, సాధారణంగా ఆరు కేసరాలు, మధ్యలో గుళిక అనే చిన్న ఎండు కాయ, అందులో మూడంటే మూడే గింజలు. మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లినేయస్ 1753లో వీటిని జంకస్ అనే ప్రజాతిలోనే (దగ్గరి జాతుల గుంపు) కలిపేశాడు. 1805లో డి కండోల్ అనే వృక్షశాస్త్రవేత్త విడదీసి లుజులా అన్నాడు. ఆ విభజన ఇప్పటికీ నిలబడిందంటే కారణాలు గట్టివి. జంకస్‌లో గుళిక నిండా బోలెడు సన్న గింజలు, నున్నటి ఆకులు, అంచులు కలవని ఆకు తొడుగు. లుజులాలో తొడుగు కాండం చుట్టూ గొట్టంలా మూసుకుని ఉంటుంది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. లుజులాలో వందకు పైగా జాతులున్నాయి. లుజులా కాంపెస్ట్రిస్, లుజులా మల్టీఫ్లోరా అనే రెండింటిని పక్కపక్కన పెడితే చాలామంది ఒకటే అంటారు. కాంపెస్ట్రిస్ పొట్టి పిలకలతో పక్కకు పాకుతుంది, మల్టీఫ్లోరా గుబురుగా ఒకేచోట లేస్తుంది. కాంపెస్ట్రిస్‌లో పుప్పొడి ఉండే పరాగకోశం దాని కాడకంటే కొన్ని రెట్లు పొడవు, మల్టీఫ్లోరాలో రెండూ ఇంచుమించు సమానం. ఈ కొలత మిల్లీమీటర్లలో ఉంటుంది, లెన్సు లేకుండా కుదరదు. అక్కడా తేలకపోతే క్రోమోజోములు లెక్కపెట్టాలి: కాంపెస్ట్రిస్‌లో పన్నెండు, మల్టీఫ్లోరాలో దానికి రెండు, మూడు రెట్లు. ఇలాంటివి కూర్చుని చూసే ఓపిక ఇరవై ఏళ్ల పిల్లకు ఉందంటే నేను దాన్ని ఫోన్ పిచ్చి అనను.

అయితే ఒక మాట మీ అమ్మాయికి చెప్పాలి. లుజులా చల్లటి దేశాల మొక్క. మన దేశంలో చూడాలంటే హిమాలయాలు ఎక్కాలి. నర్సంపేటలో కూర్చుని దానిమీద పీహెచ్‌డీ కలలు కనడం కంటే, అదే చూపును మీ పొలంలో వాడటం మంచిది. మీ వరిలో కలుపు తీసే ఆడవాళ్లు ఊదను ఎలా ఏరుతున్నారో ఎప్పుడైనా అడగమనండి. నారు వయసులో రెండూ ఒకేలా ఉంటాయి. ఆకు, తొడుగు కలిసేచోట వరికి పల్చటి పొర, చిన్న చెవుల్లాంటి కొనలు ఉంటాయి, ఊదకు అవి రెండూ ఉండవు. ఇది వర్గీకరణే. రాసి పెట్టనంత మాత్రాన శాస్త్రం కాకుండా పోదు.

తర్వాత తుంగలు. కాండం అడ్డంగా కోసి చూస్తే తుంగ జాతుల్లో ఎక్కువగా మూడు పలకలు, లోపల గట్టిగా నిండి ఉంటుంది. గడ్డి కాండం సాధారణంగా గుండ్రం, కణుపుల మధ్య బోలు. మడిలో సైపరస్ రోటండస్, సైపరస్ ఇరియా, సైపరస్ డిఫార్మిస్ మూడూ దొరకవచ్చు. మొదటిదానికి నేలలో గడ్డలుంటాయి, రెండోదానికి ఉండవు, మూడోదాని పూలు గుండ్రటి ముద్దలుగా కడతాయి. ఈ వానాకాలంలో తుంగలు, గడ్డులు కలిపి ఓ ముప్పై నమూనాలు వేళ్లతో సహా తీసి, పాత పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టి, తేదీ, ఊరు, మడి తడిదా పొడిదా, పువ్వు రంగు రాయమనండి. ఎండితే రంగు పోతుంది, అందుకే రంగు అప్పుడే రాయాలి. తర్వాత యూనివర్సిటీ బాటనీ విభాగానికి తీసుకెళ్లి పేర్లు సరిచూపించుకోవాలి. మొక్కలు మీ పొలంలోనే తీయమనండి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తెంపకూడదు.

అలా ముప్పై నమూనాల షీట్లు చేశాక కూడా ఆసక్తి తగ్గకపోతే ఎమ్మెస్సీకి పంపండి. నాలుగోదానికే విసుగొస్తే బీఈడీ మంచి దారే, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఉద్యోగాల మాట దాచను. వర్గీకరణ ఒక్కటే నమ్ముకుంటే శాశ్వత పోస్టులు చాలా తక్కువ. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 1890లో పుట్టింది, ప్రధాన కార్యాలయం కోల్‌కతా, దక్కన్ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. అక్కడ పోస్టులు పడటం అరుదు, పడితే దేశం మొత్తం పోటీ. కాబట్టి ప్రధాన దారి జాతీయ అర్హత పరీక్ష, అంటే నెట్. సీఎస్‌ఐఆర్ లైఫ్ సైన్సెస్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు. ఇక్కడే చాలామంది బాటనీ పిల్లలు బోల్తా పడతారు. ఆ సిలబస్ 13 యూనిట్లు, జీవుల వైవిధ్యం అందులో ఒక్కటి. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కణం, జన్యువు, బయోకెమిస్ట్రీ, ఎకాలజీ లాంటివి. మొక్కలంటే ఇష్టం, మాలిక్యులర్ బయాలజీ అంటే భయం అనే పిల్లకు నెట్ రాదు. ఇప్పుడు వర్గీకరణ పరిశోధన కూడా డీఎన్‌ఏ లేకుండా సాగడం లేదు. నెట్ వస్తే డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టులకూ అర్హత అదే.

అందరూ మరిచిపోయే దారులు రెండున్నాయి, రెండూ మన వైపే. ఒకటి విత్తనం. కొత్త వంగడాన్ని 2001 నాటి మొక్కల వంగడాల చట్టం కింద రిజిస్టరు చేయాలంటే అది మిగతావాటికంటే భిన్నమని, మొక్కకు మొక్కకు తేడా రాకుండా ఉందని, తరం మారినా నిలుస్తుందని చూపించాలి. ఆకు రంగు, కాయ ఆకారం, కాడ పొడవు ఒక్కొక్కటి కొలిచి రాయాలి. ఇది లుజులా పరాగకోశం కొలిచే పనికి సొంత చెల్లెలు. కరీంనగర్, వరంగల్ చుట్టూ విత్తన వ్యాపారం ఎంతుందో మీకు నేను చెప్పాలా? మన చపాట మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కదా, అలాంటి పంటలకు కూడా లక్షణాలు కచ్చితంగా రాయగలవాళ్లు కావాలి.

రెండోది పర్యావరణ ప్రభావ అధ్యయనం. భూపాలపల్లి, రామగుండం, మంచిర్యాల వైపు కొత్త గని రావాలంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం చుట్టూ ఉన్న మొక్కల జాబితా ఇవ్వాలి. దాన్ని తయారుచేసే కన్సల్టెన్సీలకు ఎకాలజీ నిపుణులు అవసరం. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరూరా ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి, అక్కడా మొక్కను గుర్తుపట్టే మనిషే కావాలి. ఇవి ఎక్కువగా ప్రాజెక్టు పనులు, కాంట్రాక్టులు. జీతం గొప్పగా ఉండదు, కానీ పీహెచ్‌డీ సీటు దొరికేదాకా చేతిలో పని ఉంటుంది.

ఈ సంవత్సరం చేయాల్సింది ఇది. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌కు, బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌కు రెండింటికీ అప్లై చేయించండి, ఒకటి రాస్తే రెండోది రాయకూడదనే నియమం లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కావాలంటే సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష వేరు, దాని నోటిఫికేషన్ ముందే వస్తుంది కాబట్టి సెమిస్టర్ పరీక్షల హడావుడిలో తేదీ దాటనివ్వకండి. పది రెట్లు పెద్దగా చూపే చేతి లెన్సు ఒకటి కొనిపెట్టండి, ఖర్చు పెద్దది కాదు. హన్మకొండ వచ్చినప్పుడు బిడ్డను తీసుకుని రండి, ఆ షీట్లు కూడా తెమ్మనండి. ఏ సీటు ఎంచుకోవాలో వాటిని చూశాక మాట్లాడుకుందాం.