అమ్మ పొగ తాగదు, దగ్గు మాత్రం తగ్గదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కామారెడ్డి దగ్గర పల్లె. మా అమ్మకు 52 ఏళ్లు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి బీడీలు చుడుతోంది. మూడు నెలలుగా పొడిదగ్గు. రాత్రిళ్లు కుడిచెయ్యి తిమ్మిరెక్కి లేచి కూర్చుంటోంది. దగ్గుమందు, నొప్పి మాత్రలు రాసిచ్చారు, తగ్గలేదు. అమ్మ ఏనాడూ బీడీ తాగలేదు. మరి ఈ దగ్గు ఎందుకు?
– ఒక కూతురు

జవాబు: అమ్మా, మా అమ్మ కూడా బీడీలే చుట్టింది. నా చదువు ఫీజుల్లో కొంత ఆ చాటలోంచి వచ్చిందే. ఆకు మడిచి మడిచి ఆమె వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. రేషన్ షాపులో వేలు కొంగుకు తుడిచి మళ్లీ మళ్లీ పెట్టేది, ముద్ర పడేది కాదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ వేళ్లే కళ్లముందు కదిలాయి.

చాట ఒళ్లో పెట్టుకుని తల వంచితే ముక్కుకూ తంబాకుకూ మధ్య మూరెడు దూరం కూడా ఉండదు. పొగ తాగకపోయినా ఆ దుమ్ము రోజూ గొంతులోకి, ఊపిరిగొట్టాల్లోకి పోతూనే ఉంటుంది. అయినా దుమ్ము దగ్గే కదా అని ఊరుకోవద్దు. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా ముందు టీబీ కాదని తేల్చుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. ఈ వారమే తీసుకెళ్లండి. గదిలోకి వెళ్లగానే ‘ఇన్నేళ్లుగా బీడీలు చుడుతోంది’ అని మీరే చెప్పండి. ఇంతవరకు ఆ సంగతి ఎవరూ అడిగినట్టు లేదు, అది నాకు బాధగా ఉంది. టీబీ లేదని తేలితే గొట్టంలోకి ఊదించే ఊపిరితిత్తుల పరీక్ష చేయించమని అడగండి.

తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలిలో ఎక్కువగా ఉందా? అయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూడాలి. రాత్రిపూట మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే పట్టీ (స్ప్లింట్) వేసుకుంటే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. నొప్పి మాత్రలు మాత్రం నెలల తరబడి వద్దు, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

పని మానెయ్యమని మా అమ్మకే చెప్పలేకపోయాను, మీకెలా చెప్పను? చాట ఒళ్లో కాకుండా పీట మీద పెట్టించండి. వీపు గోడకు ఆననివ్వండి, అరగంటకోసారి లేపండి. తంబాకు దులిపే పని వాకిట్లో, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయాలి. సబ్బుతో చేతులు కడగనిదే అన్నం ముట్టనివ్వకండి. రిపోర్టులు రాగానే నాకు రాయండి.