అమ్మమ్మ సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నాం. ఏం రాయాలి, ఎలా మొదలుపెట్టాలి?

'ప్రేమమూర్తి, త్యాగమయి' దాటి ఒక్క వాక్యం కూడా రావడం లేదని మీ ప్రశ్నలో రాశారు. రాదండీ. ఆ రెండు మాటలూ పెద్దకర్మ కార్డులు అచ్చు వేసేవాళ్ళ దగ్గర ముందే సిద్ధంగా ఉంటాయి, ఫొటో, పేరు మారతాయంతే. మా అమ్మమ్మ పోయిన ఏడాది మేమూ ఇదే పని పెట్టుకున్నాం. మాకు పనికొచ్చినవి చెబుతాను. మీదీ కోనసీమే అన్నారు కాబట్టి చాలావరకు మీకూ సరిపోతాయి.

ముందు తేదీల సంగతి. మా అమ్మమ్మ ఆధార్ కార్డులో పుట్టినరోజు జనవరి 1 అని ఉండేది. ఆ తరంలో చాలామంది జనవరి 1నే పుట్టారు లెండి. కాన్పులు, పెళ్ళిళ్ళు, ఇల్లు కట్టడం ఏ సంవత్సరంలో జరిగాయని అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. అదే 'వరదకు ముందా, తరవాతా' అని అడిగితే టక్కున చెప్పేవారు. అందుకని ఒక కాగితం మీద మా ప్రాంతంలో ఎవరూ మరిచిపోని సంగతులు వరసగా రాసుకున్నాం. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎక్కిన 1986 ఆగస్టు వరద, 1991 పుష్కరాలు, 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు ఆరకుండా మండిన మంట, 1996 నవంబరు 6 తుపాను, 2003 పుష్కరాలు. వీటి మధ్యలో అమ్మమ్మ జీవితాన్ని ఇరికించుకుంటూ వచ్చాం. చిన్న మామయ్య పెళ్ళి మంట ఆరిపోయాక, తుపాను రాకముందు అయిందని పెద్దమ్మ చెప్పింది. విస్తట్లో కొత్త ఆవకాయ వేశారని కూడా ఆవిడకు గుర్తు. అంటే రెండు వేసవులే మిగిలాయి. తరవాత ట్రంకు పెట్టెలో శుభలేఖ దొరికి 1996 అని తేలింది.

రెండోది, ఇదే అసలైనది. ఆమె మిమ్మల్ని ఎంత ప్రేమించిందో రాయకండి, ఆ ప్రేమకు డబ్బులు ఎక్కడినుంచి తెచ్చిందో రాయండి. మా అమ్మను చదివించింది తాతయ్యే అని ఊరంతా అనుకునేవారు, మేమూ అలాగే అనుకున్నాం. పుస్తకం కోసం లెక్కలు అడుగుతుంటే అమ్మే చెప్పింది, ఆ ఫీజులు సగం లేసు నుంచి, సగం అటక మీద నుంచి వచ్చాయని.

అమ్మమ్మ పుట్టిల్లు గోదావరి పాయ వశిష్ఠకు అవతల, నరసాపురం పక్క పల్లె. అక్కడ ఆడపిల్లలకు చిన్నప్పుడే లేసు అల్లిక వచ్చేస్తుంది. పెళ్ళయి ఏరు దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగినప్పుడు ఆ పని కూడా వెంట తెచ్చుకుంది. ఏజెంటు దారం కండెలు ఇచ్చి వెళ్ళేవాడట, అల్లిన ముక్కలు లెక్క చూసుకుని పట్టుకెళ్ళేవాడట. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని చీకటి పడేదాకా అల్లేది. వచ్చేది చాలా తక్కువ. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు సంతోషించాను కానీ, ఆ కూలితో, ఆ వెలుతురులో కళ్ళు పాడుచేసుకున్న ఆడవాళ్ళ సంగతి కూడా ఎవరైనా రాస్తే బాగుండుననిపించింది. అయినా అది తన డబ్బు, ఎవరూ లెక్క అడగరు. బియ్యం డబ్బాలో గుడ్డమూట కట్టి దాచేదని పెద్దమ్మకు తెలుసు, తాతయ్యకు తెలియదు.

ఇక అటక. కొబ్బరికాయ దింపించిన ప్రతిసారీ అంతా అమ్మేయనిచ్చేది కాదు. మంచి ముదురు కాయలు ఏరి అటక మీద వేయించేది. నెలలు గడిచేకొద్దీ లోపలి నీళ్ళు ఇంకిపోయి కొబ్బరి చిప్పను వదిలేస్తుంది, ఊపితే లోపల గుండు కదిలినట్టు చప్పుడవుతుంది. అదే కురిడీ. పచ్చికాయ మీద కంటే దాని మీద నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి. కానీ ఓపిక పట్టాలి, కొన్ని కుళ్ళిపోతాయని తెలిసీ పట్టాలి. నిచ్చెన ఎక్కి ఒక్కో కాయా చెవి దగ్గర ఊపి చూసేది. వ్యాపారి వచ్చి ధర చెబితే, 'అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ఇవాళ ధర ఎంతో నాకు తెలుసు' అనేది. నిజంగా తెలుసో లేదో మాకు ఇప్పటికీ అనుమానమే.

తుపాను సంగతి మా పుస్తకంలో రెండు పేజీలు పట్టింది. తెల్లవారేసరికి తోటలో చెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయట. కూలిన వాటి కంటే నిలబడిన వాటితోనే చిక్కు. కొబ్బరిచెట్టుకు పెరుగుదలంతా మొవ్వులోనే, అంటే తల మీది లేత చిగురులోనే. అది విరిగితే చెట్టు నిటారుగా నిలబడి ఉన్నా పోయినట్టే. తాతయ్యకు ఆ తోటవైపు వెళ్ళడానికే మనసొప్పలేదు. ఏది ఉంచాలి, ఏది కొట్టించాలి అని ఒక్కో చెట్టు కిందా నిలబడి తేల్చింది అమ్మమ్మే. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది, అరటి అయితే ఏడాదికే గెల చేతికొస్తుంది. అందుకని కొబ్బరి మొక్కల మధ్య అరటి పిలకలు నాటించింది. చిన్న మామయ్య పెళ్ళి అప్పు తీరింది అరటి గెలల మీదే.

ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబితే తీర్పు చెప్పకండి. 1986 వరదకు ఊళ్ళోవాళ్ళంతా ఏటిగట్టు ఎక్కినప్పుడు అమ్మమ్మ ఇంట్లోంచి ముందుగా ఏం తెచ్చిందన్న దాని మీద మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. ఆవకాయ జాడీ అంటుంది అమ్మ. గేదెను విప్పి తోలుకొచ్చింది, జాడీ తెచ్చింది నేను అంటాడు పెద్ద మామయ్య. ఇద్దరి మాటా వాళ్ళ పేర్లతోనే వేశాం. చదివిన వాళ్ళు నవ్వుకున్నది అక్కడే.

వంటల గురించి అందరూ రాస్తారు, మీరూ రాస్తారు. కాకపోతే 'అమృతంలా ఉండేది' అని వదిలేయకండి. పనసపొట్టు ఎంత సన్నగా కొట్టేది, ఆవ ఎప్పుడు కలిపేది అని రాస్తే మీ పిల్లలు వండుకోవడానికైనా పనికొస్తుంది. మా అమ్మమ్మ పులస మాత్రం వండేది కాదు. ఆ ధర పెట్టి ముళ్ళు ఏరుకోవడమేమిటని విసుక్కునేది. గోదావరి జిల్లా మనిషి అయివుండి ఈ మాట అన్నదని రాయడానికి మామయ్య మొదట ఒప్పుకోలేదు.

కోపాలు కూడా రాయండి. మా అమ్మమ్మకూ తోడికోడలికీ గట్టు తగాదా ఉండేది, చాలా ఏళ్ళు మాటల్లేవు. అలాగని తోడికోడలి కూతురు పురిటికి వస్తే బాలింతలకు పెట్టే కాయం ఉండలు చేసి పంపింది, పలకరించకుండానే పంపింది. ఈ సంగతి తీసేయమని పిన్ని అన్నది. తీసేస్తే మిగిలేది కార్డు మీది త్యాగమయే కదా అని ఉంచేశాం. 2022 జులై వరద టీవీలో చూస్తూ, 'జులైలోనే ఇంత నీరా, 86లో ఆగస్టు సగమయ్యాక కదా వచ్చింది' అని తిట్టినట్టుగా అన్న మాట కూడా ఉంచాం.

మీరు సంవత్సరీకానికి ఇంకా మూడు నెలలుందన్నారు. రాతపని తరవాత చూసుకోవచ్చు. మీ అమ్మమ్మ ఈడు వాళ్ళు ఊళ్ళో ఇంకా ఎవరెవరున్నారో ముందు కనుక్కుని వెళ్ళి కూర్చోండి. ఫోనులో అడిగితే 'చాలా మంచిదమ్మా' అని పెట్టేస్తారు. ఎదురుగా కూర్చుని, ఆవిడ డబ్బు ఎక్కడ దాచుకునేది అని అడగండి. మాటలు అక్కడినుంచి వాటంతట అవే వస్తాయి. రాసింది అచ్చుకు ఇచ్చే ముందు, ఆవిడతో పడని మనిషి ఎవరైనా బతికుంటే వాళ్ళకు ఒకసారి చదివి వినిపించండి. మా పుస్తకంలో ఎక్కువ తప్పులు పట్టింది ఆ తోడికోడలే. గట్టు తగాదా ఎవరివల్ల మొదలైందో మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.