ఇనప పెనం మీద పెసరట్టు అంటుకోకుండా ఏం చెయ్యాలి?

పెనం సరిగ్గా కాగకపోతే పిండి గట్టిపడేలోపే ఇనుముకు పట్టేస్తుంది. మరీ కాగితే గరిటెకే చుట్టుకొస్తుంది. నీళ్లు చిలకరిస్తే చుయ్‌మని 2, 3 సెకన్లలో ఆరిపోవాలి. బెజవాడ టిఫిన్ బండ్ల దగ్గర అట్టు అట్టుకీ నీళ్లు చల్లి తుడిచేది ఎక్కువైన వేడి తగ్గించడానికే. తర్వాత అర చెంచా నూనె వేసి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది, మంట తగ్గించి పిండి వెయ్యండి. అంచులు లేచాకే అట్లకాడ పెట్టాలి.

చాలా ఇళ్లలో అసలు ఇబ్బంది చపాతీలతో వస్తుంది. అదే పెనం మీద కాలిస్తే పొడి వేడికి, అట్టు అంటుకోకుండా కాపాడే పెనం మీది నూనె పొర మాడిపోతుంది. అట్ల పెనం దయచేసి విడిగా ఉంచుకోండి. స్టీలు పీచుతో తోమొద్దు. పొర ఇప్పటికే పోయిందా? కడిగి, తడి ఆర్చి, పల్చగా నూనె రాసి, పొగ వచ్చేదాకా కాచి చల్లార్చండి. ఇలా 3, 4 సార్లు చేస్తే పెనం మళ్లీ నల్లగా నిగనిగలాడుతుంది.