చిన్న ఆఫీసుకు సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లు కొనొచ్చా?

ఐదుగురు పనిచేసే అకౌంట్స్ ఆఫీసుకు సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్‌లు తీసుకోవచ్చా అని అడిగారు. నిక్షేపంగా తీసుకోవచ్చు. కాకపోతే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఎంత చవగ్గా ఇస్తామన్నా, ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ కంటే పాతవి వద్దు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇక వాడాల్సిన విండోస్ 11 ఏమో ఆ పాత ప్రాసెసర్లలో దాదాపు వేటినీ అధికారికంగా ఒప్పుకోదు. ర్యామ్ 8 జీబీతో పని నడుస్తుంది, 16 అయితే హాయి. పాత హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ తప్పనిసరి.

వారంటీ ఎన్నేళ్లో అడిగే ముందు ఆన్‌సైటా, క్యారీ-ఇన్నా అని అడగండి. ఆన్‌సైట్ అయితే వాళ్లే ఆఫీసుకొచ్చి బాగుచేస్తారు. క్యారీ-ఇన్ అయితే మిషన్ మీరే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాలి. జీఎస్టీ రిటర్న్ గడువు రోజున ఆ అవస్థ నేను పడ్డాను. షాపువాళ్ల నోటిమాట వారంటీ నమ్మకండి. గడువు, సీరియల్ నంబర్ రెండూ బిల్లు మీద రాయించుకోండి. కంపెనీ వారంటీ ఇంకా మిగిలుందంటే, ఆ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూశాకే డబ్బులివ్వండి.