రిటర్న్ ఫ్లైట్ ముందు రాత్రి హేవ్‌లాక్‌లో పడుకోకండి

(ఈ వారం ఉత్తరాలన్నీ అండమాన్ గురించే. మావారి ఉద్యోగం పుణ్యమా అని పోర్ట్‌బ్లెయిర్‌లో తొమ్మిదేళ్లు కాపురం చేసినదాన్ని కాబట్టి ఈసారి కాస్త ధైర్యంగానే జవాబులు రాస్తున్నాను.)

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో అండమాన్ వెళ్తున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు (68 ఏళ్లు, బీపీ ఉంది). మొదటి రోజు పోర్ట్‌బ్లెయిర్, తర్వాత బారాటాంగ్, హేవ్‌లాక్, నీల్ దీవులు, ఐదో రాత్రికి మళ్లీ హేవ్‌లాక్. ఆరో రోజు పొద్దున్నే ఫెర్రీలో వచ్చి మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కుతాం. ప్లాన్ బాగుందా? ఫెర్రీలో అత్తగారికి తిప్పుతుందేమో?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ చివరి రోజు చూస్తే నాకే టెన్షన్ వచ్చిందమ్మా. ఒకసారి మా ఆడపడుచు వాళ్లు వస్తే హేవ్‌లాక్ తీసుకెళ్లాం. డిసెంబరు నెల, బంగాళాఖాతంలో అల్పపీడనం. మావారు ఒకరోజు ముందే తిరిగొచ్చేద్దామంటే, అక్కడే ఉంటున్నదాన్ని కదా, "ఏం కాదు, ఉండండి" అన్నాను. మర్నాడు జెట్టీకి వెళ్తే ఫెర్రీలన్నీ బంద్. రెండు రోజులు రూములో కూర్చుని వాన చూశాం. ఫ్లైట్ పోయింది, టికెట్ల డబ్బూ పోయింది. ఆడపడుచు ఇప్పటికీ ఏ పెళ్లిలో కనబడినా "వదినా, ఏం కాదు కదా" అంటుంది.

అందుకని ఇలా మార్చుకోండి. మొదటి రాత్రి పోర్ట్‌బ్లెయిర్, సాయంత్రం సెల్యులార్ జైలు. తర్వాత హేవ్‌లాక్‌లో రెండు రాత్రులు, నీల్‌లో ఒకటి. ఐదో రాత్రి మాత్రం పోర్ట్‌బ్లెయిర్‌లోనే. బారాటాంగ్ మానేయండి. దానికి తెల్లవారుజామున మూడున్నర, నాలుగింటికే బయలుదేరి, బండ్లన్నీ గుంపుగా వెళ్లే కాన్వాయ్‌లో వరస కట్టాలి, ఆ తర్వాత పడవ, ఆ తర్వాత సున్నపురాయి గుహల దాకా నడక. మీ అత్తగారికి అంత శ్రమ ఎందుకు? పైగా ఆ రోడ్డు జరావా ఆదివాసుల అడవి మధ్యలోంచి వెళ్తుంది. బండి ఆపడం, ఫొటోలు తీయడం నేరం. అయినా కొందరు ఆ మనుషుల్ని చూడ్డానికే పోతారు. అది నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఇంకో సంగతి. దేశమంతా ఒకే టైము, కానీ అండమాన్ బాగా తూర్పున ఉంది. జనవరిలో సాయంత్రం ఐదుంబావుకి సూర్యుడు మునుగుతాడు, ఆరుకి చీకటే. "భోంచేసి కాసేపు పడుకుని నాలుగున్నరకి బీచ్‌కి వెళ్దాం" అనే మన అలవాటు అక్కడ పనికిరాదు. పొద్దున మాత్రం ఆరుకల్లా బాగా వెలుగొస్తుంది కాబట్టి రోజుని ముందుకు జరుపుకోండి.

ఫెర్రీలో పెద్దావిడకి తిప్పుతుందేమో అని అడిగారు. ఖాళీ కడుపుతో ఎక్కించకండి, అలాగని పూరీ కూర కూడా వద్దు. రెండు ఇడ్లీలు చాలు. కింది డెక్కులో, మధ్య వరసల్లో ఊపు తక్కువ. ఫోను చూడకుండా దూరంగా నీళ్ల అంచు వైపు చూడమనండి. అవోమిన్ లాంటి మాత్ర వేయాలంటే బీపీ మందులతో పడుతుందో లేదో ఇంటి దగ్గరే డాక్టరుని అడగండి. వాంతి మొదలయ్యాక వేసేకంటే, ఎక్కడానికి గంటో రెండు గంటలో ముందు పడితే మేలు.

టికెట్ మీద పేర్లు చూసి గాభరా పడకండి. 2018 చివర్లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. ఊళ్లో అందరూ పాత పేర్లే అంటారు, నేనూ అంతే.

ప్రశ్న: రాధానగర్ బీచ్‌లో పిల్లల్ని నీళ్లలోకి దించవచ్చా? మాకెవరికీ ఈత రాదు. మొసళ్లు ఉంటాయని విన్నాం, నిజమేనా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: నిజమే. ఉప్పునీటి మొసళ్లు మడ అడవుల్లో, వాగులు సముద్రంలో కలిసేచోట ఉంటాయి. 2010లో రాధానగర్ పక్కనున్న చిన్న ఖాతం దగ్గర ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది. లైఫ్‌గార్డులు ఉన్నచోటే, జనం దిగుతున్నచోటే దిగండి. బోర్డు పెట్టినచోట మోకాలి లోతు కూడా వద్దు.

నన్నడిగితే మొసలి కంటే కెరటానికే ఎక్కువ భయపడాలి. రాధానగర్‌లో ఇసుక మెత్తన, నీళ్లు అందం, కానీ కెరటం వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. పిల్లల్ని నడుం లోతు దాటనివ్వకండి, చెయ్యి వదలకండి. చిన్నపిల్లలు ఆడుకోవాలంటే నీల్‌లో భరత్‌పూర్ బీచ్ నయం, నీళ్లు చాలా దూరం లోతుండవు. (నీల్‌లో చాలా ఊళ్ల పేర్లు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల ఊళ్లివి. రామాయణమంతా ఒక గంటలో చుట్టి రావచ్చు.) ఆటు సమయంలో అక్కడ పగడపు రాళ్లు బయటపడి అరికాళ్లు కోస్తాయి. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు తీసుకెళ్లండి, హవాయి చెప్పులు కెరటానికి పోతాయి.

ఇసుకలో చిన్న ఈగలుంటాయి, కుట్టినట్టే తెలీదు. రాత్రికి దద్దుర్లు లేచి వారం రోజులు దురద. ఉత్త ఇసుక మీద పడుకోకండి, కాళ్లకి కొబ్బరినూనె దట్టంగా రాసుకోండి.

ప్రశ్న: చివరి రోజు పొద్దున స్కూబా డైవింగ్ చేసి సాయంత్రం ఫ్లైట్ ఎక్కవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు బాబూ. నీళ్ల లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్, ఫ్లైట్ పైకెగిరినప్పుడు బుడగలు కడుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య 24 గంటలు ఉంచండి. ఆస్తమా, చెవి బాధ ఉంటే డైవింగ్ వాళ్లిచ్చే ఫారంలో దాచకండి.

ప్రశ్న: శాకాహారం దొరుకుతుందా? డబ్బు ఎంత దగ్గర ఉంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పోర్ట్‌బ్లెయిర్‌లో బెంగ లేదు. అబర్డీన్ బజార్‌లో నడుస్తుంటే శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది, పప్పు, పచ్చడితో భోజనమూ దొరుకుతుంది. దీవుల్లో వెజ్ ఉంటుంది గానీ రుచి మీద ఆశ పెట్టుకోకండి. కందిపొడి సీసా పెట్టుకోండి. ఫోన్‌పే, గూగుల్‌పే సిగ్నల్ ఉన్నంతసేపే. రెండు రోజుల ఆటోలకీ తిండికీ సరిపడా నోట్లు పోర్ట్‌బ్లెయిర్‌లోనే తీసుకోండి.

ప్రశ్న: ఇంటికి నాలుగు గవ్వలు, పగడపు ముక్కలు తెచ్చుకుంటే తప్పా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: తప్పే. చచ్చిన పగడమైనా సరే, ఒడ్డున ఏరుకున్నదైనా సరే, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు. కొన్ని రకాలకి వన్యప్రాణి చట్టం కింద కేసు కూడా అవుతుంది. కావాలంటే ప్రభుత్వ ఎంపోరియంలో కొని, బిల్లు చేతిలో ఉంచుకోండి. మా తోడికోడలు అందమైన మచ్చల గవ్వ ఒకటి పసుపు డబ్బాలో లోతుగా పాతిపెట్టింది. మెషీన్‌లో కనబడనే కనబడింది. సెక్యూరిటీ అమ్మాయి గవ్వ తీసుకుని, చేతులకంటిన పసుపు దులుపుకుంటూ, "డబ్బా తీసుకెళ్లండి ఆంటీ" అంది.