హిల్ ఎండ్‌లో పెద్దవాళ్ళతో రెండు రాత్రులంటే పబ్ గది వద్దు

అమ్మానాన్నల్నీ పిల్లల్నీ తీసుకుని జులైలో సిడ్నీ నుంచి హిల్ ఎండ్ అనే పాత బంగారు గనుల ఊరికి వెళ్తున్నాం, పాత పబ్ పైగదా, విడి ఇల్లా అని అడిగారు కదండీ. ఇల్లే తీసుకోండి. 1870ల నాటి పబ్బుల్లో చాలావాటికి బాత్‌రూమ్ గది బయటే. ఇలాంటిదే వేరే గోల్డ్ రష్ (బంగారం కోసం జనం ఎగబడ్డ కాలం) నాటి ఊళ్ళో మేం అలాగే ఇరుక్కున్నాం, అర్ధరాత్రి చెక్కనేల కిర్రుమనకూడదని మా అమ్మ గోడ పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళింది, తెల్లారి చూస్తే పక్క గదులవాళ్ళెవరికీ నిద్ర లేదు!

బుక్ చేసేముందు హీటర్ ఏ గదుల్లో ఉంది, దుప్పట్లు వాళ్ళిస్తారా అని ఫోన్ చేసి అడగండి, ఎందుకంటే అక్కడ జులై రాత్రులు సున్నా కిందికి పోతాయి. ఊళ్ళో పెట్రోల్ దొరుకుతుందని నమ్ముకోకండి, దారిలో వచ్చే బాథర్స్ట్ పట్టణంలోనే ట్యాంక్ నింపుకోండి, బియ్యం, పప్పు, పెరుగు కూడా అక్కడే. సందెవేళ రోడ్డు మీదికి కంగారూలు వస్తాయి కాబట్టి వెలుతురుండగానే చేరిపోండి.

పిల్లలకు విసుగనిపిస్తే అక్కడి గని భాగస్వామి హోల్టర్‌మన్ కథ చెప్పండి. 1872 అక్టోబరులో అక్కడి హాకిన్స్ హిల్ గనిలో బంగారం పట్టిన 286 కిలోల రాతిదిమ్మ బయటపడింది, ఆయన దాని పక్కన నిలబడినట్టున్న ఫొటో కూడా ఉంది, కానీ అది అతికించి చేసిన బొమ్మ. ఫొటోషాప్ అప్పుడే మొదలైందన్నమాట.